డాక్ మారితే పాట మారుతుందా?

బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనల పాత రికార్డింగు ఏదైనా హెడ్‌ఫోన్‌లో పెట్టుకుని, ఆయన గొంతు విప్పకముందు ఉండే రెండు మూడు సెకన్లు మాత్రం చెవి పెట్టి వినండి. తంబురా మీటు వినబడుతుంది. దాని వెనకాల సన్నగా, తెంపు లేకుండా ‘స్‌స్‌స్‌’ అని ఒక రొద. అది టేపు రొద. అయస్కాంతపు పొడి పూసిన రిబ్బను మీద పాట ఎక్కించినప్పుడు ఆ రేణువులు తమ వంతుగా కలిపే శబ్దం. ఆ కాలపు మంచి స్టూడియో టేపు మీద కూడా అతి గట్టి శబ్దానికీ ఈ రొదకీ మధ్య ఎడం 60, 70 డెసిబెల్‌లు ఉంటే గొప్పే. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. డాక్‌ల మీద, అంటే పాటలోని అంకెల్ని వోల్టేజీగా మార్చే పరికరాల (డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ల) మీద జరిగే వాదాల్లో చాలావరకు దీని దగ్గరే తేలిపోతాయి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి దాటి భద్రాచలం చేరే దారికి పాట కొత్త కాదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాల పాలై రామదాసయ్యాడు. ఆయన కీర్తనల్ని బాలమురళి రేడియో ద్వారా, గ్రామఫోను రికార్డుల ద్వారా ఇంటింటికీ చేర్చారు. శ్రీరామనవమి నాడు రేడియోలో ఉషశ్రీ వ్యాఖ్యానం వింటూ భద్రాచల రాముడి కల్యాణం కళ్లారా చూసినట్టు పొంగిపోయిన తరం ఇక్కడ ఇంకా ఉంది. వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు మంచి హెడ్‌ఫోన్‌లు కొంటున్నారు. కొన్నాక అడిగే మొదటి ప్రశ్న: దీనికి ఏ డాక్ పెడితే పాట బాగుంటుంది? ఒకదాని శబ్దం ‘వెచ్చగా’ ఉంటుందంటారు, ఇంకొకటి ‘తేటగా’ అంటారు, మరొకదానిలో తంబురా తీగలు విడివిడిగా వినబడతాయంటారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు కావాలంటే డాక్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

సీడీలోగానీ ఫోనులోగానీ ఉన్న పాట అంకెల వరస. సెకనుకు 44,100 అంకెలు, ఒక్కో చెవికి. ఈ బేసి అంకె వెనక వీడియో టేపు కథ ఉంది. తొలినాళ్లలో ఇంత సమాచారం నిల్వ చేయడానికి వీడియో టేపు తప్ప వేరే దారి లేదు. అంకెల్ని నలుపు తెలుపు చుక్కలుగా మార్చి టీవీ బొమ్మలో ఒక్కో గీతకు మూడు చొప్పున పెట్టేవారు. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు, ప్రతిసారీ 294 గీతలు వాడుకోవచ్చు. అమెరికా, జపాన్‌లలో 60 సార్లు, 245 గీతలు. రెండు లెక్కలూ గుణించి చూడండి, 44,100 దగ్గరే కలుస్తాయి. రెండు లోకాలకూ సరిపోయిన అంకె అది. 1982లో సీడీతో పాటు స్థిరపడిపోయింది.

సెకనుకు ఇన్ని అంకెలు చాలా? అంకెకూ అంకెకూ మధ్య ఉన్న పాట ఏమైపోతుంది? ఈ అనుమానం రానివారు ఉండరు. 1928లో నైక్విస్ట్, 1933లో కొటెల్నికోవ్, 1949లో షానన్ దీనికి గణితంలో జవాబు చెప్పారు. శబ్దంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే చాలు, మధ్యలో ఉన్న అల మొత్తం తిరిగి వస్తుంది. సుమారుగా కాదు, ఉన్నదున్నట్టు. ఎందుకంటే ఆ చుక్కలన్నింటి గుండా, ఆ హద్దు దాటకుండా పోగల అల ఒక్కటే ఒక్కటి ఉంటుంది. మనిషి చెవి హద్దు పసితనంలో 20,000 హెర్ట్జ్ దాకా, యాభై దాటాక చాలామందికి 12, 13 వేల దాకా. ప్రకటనల్లో అంకెల పాటను మెట్లుమెట్లుగా గీసి చూపించే బొమ్మ ఉంటుందే, ఆ మెట్లు డాక్ చివర ఉండే ఫిల్టర్ దాటి బయటికి రావు. తీగలోకి వచ్చేది నున్నటి అలే.

ఇక ఆ అంకెను వోల్టేజీగా మార్చే పని. పాత పద్ధతి కిరాణా కొట్టు కాటాలాంటిది. కిలో రాయి, అరకిలో, పావు, దానిలో సగం, అలా సగం సగం చేసుకుంటూ 16 రాళ్లు. అంకెను బట్టి ఏ రాళ్లు పెట్టాలో ఏవి తీయాలో నిర్ణయమవుతుంది. 16 రాళ్లతో 65,536 తూకాలు వేయవచ్చు. చిక్కు ఎక్కడంటే, కిలోతో మొదలుపెడితే పదహారో రాయి 30 మిల్లీగ్రాములు, ఇంచుమించు ఒక బియ్యపు గింజ. కిలో రాయి బరువులో ఒక్క గింజంత తేడా ఉన్నా చివరి రాయికి అర్థం పోతుంది. డాక్‌లో రాళ్ల స్థానంలో రెసిస్టర్లు ఉంటాయి, వాటిని అంత కచ్చితంగా తయారు చేయడం మహా కష్టం. తొలి సీడీ ప్లేయర్లలో ఫిలిప్స్ వాళ్లు 16 వదిలి 14 బిట్ల చిప్పుతోనే దిగారు. కానీ దాన్ని నాలుగు రెట్లు వేగంగా నడిపి, మిగిలిపోయే తప్పును తర్వాతి లెక్కలో సర్ది, 16 బిట్ల పని రాబట్టారు.

ఆ సర్దుబాటులోనే అసలు కిటుకు ఉంది. 1962లో టోక్యోలో ఇనోసే, యసుదా, మురకామి చూపించిన డెల్టా సిగ్మా పద్ధతి దాన్నే చివరిదాకా తీసుకెళ్లింది. రాళ్లు తగ్గించు, చేతివేగం పెంచు. సెకనుకు లక్షలసార్లు ముతకగా తూచి, ప్రతిసారీ మిగిలిన తప్పును తర్వాతి తూకంలోకి నెట్టు. తప్పు మాయమవదు. కానీ అదంతా చెవికి అందని పై పౌనఃపున్యాల్లోకి పోతుంది, అక్కడ ఫిల్టర్ దాన్ని కోసేస్తుంది. ఇప్పుడు మన ఫోనుల్లో, చార్జింగ్ పిన్నుకు తగిలించే వేలెడంత కేబుల్‌లో ఉన్న చిప్పుల్లో అత్యధికం ఈ రకమే. చవకగా అంత చక్కగా పనిచేయడానికి కారణం ఇదే. రెసిస్టర్ల కచ్చితత్వం మీద కాకుండా వేగం మీద, లెక్క మీద ఆధారపడింది కనుక.

అంకెల్లో చెప్పాలంటే, మామూలు డాక్ గరిష్ఠంగా 2 వోల్టులు ఇస్తుంది. అది ఆర్‌ఎంఎస్ లెక్క. అల పై కొస నుంచి కింది కొస దాకా ఉన్న మొత్తం ఎత్తులో 16 బిట్ల అతి చిన్న మెట్టు 86 మైక్రోవోల్టులు. సీడీ ఇవ్వగలిగిన ఎడం 96 డెసిబెల్‌లు, నేటి మంచి డాక్‌ల రొద అంతకన్నా ఇంకా కింద, 110, 120 డెసిబెల్‌ల లోతులో ఉంటుంది. ఇప్పుడు టేపు రొద దగ్గరికి రండి. బాలమురళి రికార్డింగులో గొంతుకు 60, 70 డెసిబెల్‌ల కింద టేపు రొద పరుచుకుని ఉంది. రెండు డాక్‌ల రొదల్లో ఉన్న తేడా దానికి ఇంకా 40, 50 డెసిబెల్‌ల అడుగున ఉంది. ఆ పాటలో ఆ తేడా వినడమంటే డోలు మోతలో చీమ నడక వినడమే. పాత టేపులకు ‘24 బిట్’ ముద్ర వేసి ఎక్కువ ధరకు అమ్మడం నాకు సమ్మతం కాదు. టేపులో లేనిది ఫైలులోకి రాదు.

మరి వినేవాళ్లు తేడా ఉందంటున్నారే? వాళ్లు అబద్ధం ఆడటం లేదు. నిజంగానే తేడా విన్నారు. అది ఎక్కడ పుట్టిందన్నదే వెతకాలి.

అన్నింటికన్నా ముందు చూడాల్సింది శబ్దం స్థాయి. ఒక డాక్ 2 వోల్టులు, ఇంకొకటి 2.2 వోల్టులు ఇస్తే మధ్యలో తేడా 0.8 డెసిబెల్. అంత తేడాను చెవి ‘ఇది కాస్త గట్టిగా ఉంది’ అని పట్టుకోదు. ‘ఇది నిండుగా ఉంది, గొంతు దగ్గరగా ఉంది, మృదంగానికి ప్రాణం ఉంది’ అంటుంది. చెవి తీరే అంత. స్థాయి తగ్గితే అడుగు శబ్దాలు, పై శబ్దాలు మధ్యవాటికన్నా ఎక్కువగా వెనక్కి పోతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే పోలిక న్యాయంగా ఉండాలంటే రెండింటినీ 0.1 డెసిబెల్ లోపు సరిచేయాలి. అంటే వోల్టేజీలో నూటికి ఒకటి తేడా. చెవితో సరిచేయడం కుదరదు, మల్టీమీటర్ కావాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే చవక మల్టీమీటర్‌ను ఇంటి కరెంటు కొలవడానికి చేస్తారు కనుక పై పౌనఃపున్యాల్లో అది తప్పు చూపించవచ్చు. 100 హెర్ట్జ్ స్వరం ఒకటి ఫైలుగా తెచ్చుకుని, అది మోగుతుండగా, హెడ్‌ఫోన్ తగిలించి ఉంచే కొలవండి. సరిపోతుంది.

తర్వాతిది, ఏది మోగుతోందో తెలియకుండా వినడం. ఇంట్లో ఎవరినైనా పక్కగదిలో కూర్చోబెట్టి తీగలు మార్చమనండి. నాణెం ఎగరేసి బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది. ప్రతిసారీ మీ జవాబు కాగితం మీద రాసుకోండి. 16 సార్లలో 12 సరైనవి వస్తే ఊరికే గాలివాటుగా రావడానికి అవకాశం నూటికి నాలుగు లోపే, కాబట్టి ఏదో వింటున్నారని ఒప్పుకోవచ్చు. 9, 10 వస్తే నాణెం కూడా అంతే చెప్పేది. ఈ పద్ధతి పరికరాల మీద అపనమ్మకంతో పుట్టలేదు, 1950లో బెల్ ప్రయోగశాలలో చెవిని కొలవడానికే పుట్టింది. వినేవాడి మనసుకు పేరు, ధర, పెట్టె అందం అన్నీ వినబడతాయి. వాటిని కాసేపు పక్కన పెట్టడానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం నాకు తెలియదు.

ఇలా పెద్దయెత్తున చేసినవి ఉన్నాయి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికన్లు ఖరీదైన హై రిజల్యూషన్ డిస్కుల్లోని పాటను నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి మళ్లీ పాటగా మార్చి ఒకసారి వినిపించారు. అంటే అదనంగా ఒక డాక్ దారిలో అడ్డం పెట్టినట్టే. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. ఇంచుమించు సగం. అయితే కథ అక్కడితో ముగియలేదు. 2016లో లండన్‌లో జాషువా రైస్ ఇలాంటి 18 ప్రయోగాల ఫలితాలు కలిపి లెక్కగట్టాడు. 12,000కు పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు 52.3 శాతం. గాలివాటు కన్నా పిసరంత ఎక్కువ, శిక్షణ పొందిన శ్రోతల్లో ఇంకాస్త ఎక్కువ. దీన్నిబట్టి ‘ఏ తేడా లేనే లేదు’ అని బల్లగుద్ది చెప్పడం సరికాదు. ‘పెట్టె మార్చగానే తెర తీసినట్టుంది’ అనడం అంతకన్నా సరికాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. పాల్వంచ దాటి అడవి చిక్కబడే కొద్దీ ఫోను సిగ్నల్ పలచబడుతుంది. పాటల యాప్‌లు సిగ్నల్ తగ్గగానే నాణ్యతను తమంతట తామే తగ్గించుకుంటాయి, చెప్పకుండానే. ఒక డాక్‌తో విన్నప్పుడు నిండు పాట, రెండోదానితో విన్నప్పుడు కుదించిన పాట వచ్చి ఉండవచ్చు. నేరం రెండో డాక్ మీద పడుతుంది. పోల్చేటప్పుడు ఫైలు ఫోనులోకి దించుకునే పోల్చాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌ల సంగతి ఇంకో రకం. వాటిలో పాట అంకెలుగానే గాలిలో వెళ్తుంది, డాక్ ఇయర్‌ఫోన్‌లోనే ఉంటుంది. ఫోనులో ఎంత మంచి డాక్ ఉన్నా దానికి అక్కడ పని లేదు.

నిజంగా వినబడే తేడాలు ఉన్న చోట్లు చూద్దాం. ‘ఓవర్ శాంప్లింగ్ లేనిది’ అని పేరుపెట్టి అమ్మే ఒక రకం డాక్‌లు ఉన్నాయి. వీటిలో ఇందాకటి మెట్లు చదునుచేసే ఫిల్టర్ తీసేస్తారు. దాని ఫలితం కాగితం మీదే లెక్కగట్టవచ్చు. 44,100 అంకెల పాటలో 10,000 హెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 20,000 దగ్గర 3.2 డెసిబెల్‌లు తగ్గుతాయి. కంచు తాళం మోగినప్పుడు తొలి ఘల్లులో ఉండే మెరుపు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. పడుచు చెవులు ఈ తగ్గుదలను పట్టగలవు. కొందరు దాన్నే ‘వెచ్చదనం’ అంటారు. నచ్చితే తప్పేమీ లేదు, కానీ అది పాటకు చేరిన వెచ్చదనం కాదు, పాటలోంచి పోయిన మెరుపు.

రెండోది అంతకన్నా పెద్దది. డాక్ పెట్టె నుంచి హెడ్‌ఫోన్‌కు వచ్చే దారిలో ఉన్న నిరోధం. చెవిలో దూర్చుకునే కొన్ని ఇయర్‌ఫోన్‌ల నిరోధం ఒక స్వరానికి 10 ఓములు, ఇంకో స్వరానికి 40 ఓములు ఉంటుంది. పెట్టెలో ఉన్నది 1 ఓము అయితే ఆ రెండు స్వరాల మధ్య తేడా 0.6 డెసిబెల్. పెట్టెలో 10 ఓములుంటే 4 డెసిబెల్‌లు దాటుతుంది. గాయకుడి గొంతు స్వభావమే మారిపోతుంది. అయితే ఇక్కడ మారింది డాక్ కాదు, దాని వెనకున్న ఆంప్లిఫయర్. అవే ఇయర్‌ఫోన్‌లు, రెండు పెట్టెలు, వినబడుతున్న తేడా నిజం. అది చిప్పు పేరుతో ప్రచారమవుతుంది, అంతే.

మూడోది కరెంటు. పాల్వంచలో కిన్నెరసాని నీళ్లతో నడిచే థర్మల్ కేంద్రం, మణుగూరులో భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉన్న ఈ నేల మీద దాని సంగతి చెప్పకపోతే అన్యాయం. ల్యాప్‌టాప్‌కు డాక్ తగిలించి, డాక్ నుంచి ఆంప్లిఫయర్‌కు తీగ వేసి, పాట ఆపి వినండి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో గుయ్‌మని హమ్మింగ్ వస్తుంది. ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద ముంజేతి వెనక వైపు మెల్లగా రాస్తే సన్నగా గరగరలాడుతుంది. రెండు పిన్నుల చార్జర్ నుంచి కారుతున్న కాస్త కరెంటు అది. చార్జర్ పీకేయండి, చేతికి గరగర పోతుంది, చాలాసార్లు చెవిలో హమ్మింగ్ కూడా పోతుంది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అందుకుంటే ఆ హమ్మింగ్‌కు కర్రుమనే పదును కూడా కలుస్తుంది.

ఈ హమ్మింగ్ 50 హెర్ట్జ్‌లోనూ దాని గుణిజాలైన 100, 150లలోనూ ఉంటుంది. గాయకుడు ఒకటో శ్రుతిలో పాడుతున్నాడనుకోండి. మధ్య షడ్జమం సుమారు 131 హెర్ట్జ్, దాని కింది పంచమం 98. తంబురాలో మొదట మీటే తీగ ఆ పంచమమే. 98 పక్కన 100 మోగితే రెండూ కొట్టుకుని సెకనుకు రెండుసార్లు అలలా లేచి పడతాయి. తంబురా శ్రుతి చెడిందేమో అనిపిస్తుంది. శ్రుతి చెడలేదు, గోడలోని ప్లగ్గు పాటలో కలిసింది. ఈ తేడా వినడానికి నాణెం ఎగరేయక్కర్లేదు, ఎవరికైనా వినబడుతుంది. సరైన ఎర్తింగ్, త్రీ పిన్ చార్జర్, లేదా బ్యాటరీ మీద నడిచే ఫోను, అంతకుమించి మందు లేదు. కొత్త డాక్ కోసం దాచిన డబ్బులో కొంత ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చి ఇంటి వెనక ఎర్త్ గుంత సరిచేయించమని నేను చెప్పేది ఇందుకే.

ఇంతదాకా అంకెలు పాటగా మారడం గురించే మాట్లాడాం. పాట అంకెలుగా మారే ఎదురు దారి ఒకటుంది. నా దృష్టిలో ఈ అడవి అంచున ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది అక్కడే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం, డోలు కళాకారుడు. కోయల వంశగాథల్ని, సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ నోటితో పాడి నిలిపినవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఆయన గొంతు ఇప్పుడు ఎక్కడ ఎంత బాగా రికార్డయి ఉందో అంతే మనకు మిగిలింది. డాక్ నచ్చకపోతే రేపు ఇంకొకటి కొనుక్కోవచ్చు. రికార్డింగ్ చెడితే ఆ పాటను మళ్లీ పాడించుకోలేం.

డోలు రికార్డు చేయడం సులువు కాదు. దగ్గర నిలబడితే దెబ్బ 100 డెసిబెల్ దాటుతుంది, మరుక్షణం కథకుడు గొంతు దించి ఇంటిపేర్లు చెబుతుంటాడు. అంకెలకు పైన ఒక కప్పు ఉంటుంది. శబ్దం దాన్ని తాకితే అల నెత్తి కోసుకుపోతుంది, డోలు దెబ్బ పటపటమంటుంది. ఆ తెగిన భాగాన్ని తర్వాత ఏ డాక్ తిరిగి ఇవ్వలేదు. 24 బిట్లు నిజంగా అక్కరకొచ్చేది ఈ చోటే. వినడానికి కాదు, రికార్డు చేయడానికి. 16 బిట్లలో గొంతు అడుగున పడిపోతుందేమోనన్న భయంతో స్థాయి పెంచి డోలును పాడుచేస్తాం. 24లో భయం లేకుండా, అతి గట్టి దెబ్బ కూడా కప్పుకు 12 డెసిబెల్‌ల కిందే ఆగేలా స్థాయి తగ్గించి పెట్టుకోవచ్చు. మైకు డోలుకు ఎదురుగా కాకుండా కథకుడి ఛాతీ ఎత్తులో, కొంచెం పక్కకు. ఫోనులో గాలి శబ్దాన్ని తగ్గించే సౌకర్యాలన్నీ ఆపేయాలి, అవి కంచు మోతను కూడా రొద అనుకుని తుడిచేస్తాయి. సెకనుకు 48,000 అంకెలు, 24 బిట్లు, రెండు మైకులు, కుదించని ఫైలు. గంటకు ఒక గిగాబైట్ కాస్త దాటుతుంది. రాత్రంతా సాగే కథ కూడా మామూలు మెమరీ కార్డులో సగం నింపదు. ఆ కార్డు నుంచి అదే రోజు రెండు చోట్ల కాపీ తీసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ ఫైలు పేరులోనే రాసి, ఒక కాపీ వాళ్ల ఇంటికే ఇచ్చి రావాలి.